రాజుగారి తల, నాయనమ్మ గింజలు

టేకులపల్లి దగ్గర, అడవిని ఆనుకున్న ఒక ఊళ్లో నేను పంతులుగా ఉన్న ఎనభైల నాటి మాట. జూన్‌లో బడి తెరిచినా పిల్లలు బడిలో కంటే పశువుల వెనకే ఎక్కువ కనబడేవారు. బొమ్మలాట పెడితే వస్తారని నాకు తోచింది. నాకు ఏదైనా తోచడమే అరుదు కాబట్టి వెంటనే మొదలుపెట్టాను.

పాత కాగితాలు నానబెట్టి, మైదా జిగురు కలిపి నేను చేసిన మంత్రి తల ఎండకముందే మెడ మీదికి జారింది. "సారూ, మీ మంత్రి నిద్రబోతుండు" అన్నారు పిల్లలు. మూడో తరగతి పిల్ల ఒకతి మాత్రం ఎండిన సొరకాయ తెచ్చింది. గుండ్రటి మొహం, సన్నటి మెడ. మెడలో కర్ర దూర్చి, బొగ్గుతో మీసాలు దిద్దితే రాజు తయారు. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి.

"ఎక్కడిదే ఇది?"

"మా చూరుకు ఊకెనే ఏలాడుతుంది సారూ."

ఊరికే వేలాడేవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక నమ్మాను.

ఆటనాడు బడి వరండాలో దుప్పటి కట్టాం. ఊరంతా వచ్చింది. రాజు తల గలగలమన్నప్పుడల్లా "రాజు ఆలోచన జేస్తుండు" అని జనం నవ్వారు. చివర్లో రాజును పులి చంపాలి, అదీ కథ. పులి రాబోతుండగా ముందు వరసలోంచి ఆ పిల్ల నాయనమ్మ లేచింది.

"అరె, గది నా ఇత్తనం కాయ! ఏడాదంతా దాసిన. వాన పడంగనే పెట్టాలె. ఇయ్యే!"

రాజును ఆడిస్తున్న పిల్ల దుప్పటి వెనకనుంచి బయటికి రాలేదు. రాజే బదులిచ్చాడు.

"నేను రాజును. రాజు తలకాయ పలగ్గొడ్తరా?"

"రాజువైతే ఏంది? నీ తలకాయ నా చూరుది."

కథ అయ్యాక తీసుకొమ్మని జనం నచ్చజెప్పి కూర్చోబెట్టారు. "సరే, జల్దీ సావు" అంది ఆమె రాజుతో.

అంతే, రాజు చావడం మానేశాడు. జ్వరమొచ్చి దవాఖానాకు పోయి, సూది వేయించుకుని నయమై వచ్చాడు. పులి వస్తే నా మంత్రినిచ్చి పెళ్లి చేశాడు. మంత్రిని ఆడిస్తున్నది నేనే అయినా నన్నెవరూ అడగలేదు.

నాయనమ్మ నవ్వుతూనే మబ్బుల వంక చూస్తోంది. "ఇంకెప్పుడు సస్తవురా రాజా, వాన రాబట్టె!"

చినుకులు వరండాలోకి కొట్టాయి. రాజు మీసాలు కారి గడ్డమయ్యాయి. పక్కకు చూస్తే, పిల్ల బొమ్మను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతూ గింజల చప్పుడు వింటోంది. కాసేపటికి రాజు మళ్లీ పైకి లేచాడు.

"నాయనమ్మా, తీస్కో నా తలకాయ. గానీ కాసిన కాయల్ల ఒకటి కూరకు కొయ్యొద్దు. గది నాకు."

"ఒకటేంది, రెండిస్త. రాణి వద్దా?"

రాజు గలగలా తలూపాడు. నాయనమ్మ ఆ తలను అందుకుని మెట్టుకేసి కొట్టింది. జనం చప్పట్లు కొట్టారు. పులి వల్ల కూడా ఇంత చక్కటి చావు వచ్చేది కాదు. పిల్లలంతా గింజలేరడానికి ఎగబడ్డారు.

కొంగులో గింజలు ముడేసుకుని నాయనమ్మ నా చేతిలోని మంత్రికేసి చూసింది.

"సారూ, దీన్ల ఏమన్న ఉన్నయా?"

ఊపి చూశాను. చప్పుడు లేదు. "ఉత్త మైదా" అన్నాను.

"మా మేక తింటది తియ్" అని అదీ పట్టుకుపోయింది.