ఫ్యాక్టరీ గేటు ముందు పొడవాటి ఫొటో

బోధన్‌లో బస్సు దిగినప్పటి నుంచీ నా చూపు మబ్బుల మీదే ఉంది. ఎండ ఒక్కో ఫొటోకు ఒక్కోలా పడితే, తర్వాత వాటిని పక్కపక్కన అతికినప్పుడు అతుకులు చారల్లా కనబడతాయి. నేను నిజామాబాద్‌లో బడిపంతులును. కెమెరా నాకు పిచ్చి, అంతే. అంతమందిని ఒకే పొడవాటి ఫొటోలో పట్టడం అదే మొదటిసారి.

ఆ పని నాకు పెట్టింది మా పక్కింటి పెద్దాయన. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక మా ఊరు చేరాడు. తనతో పనిచేసిన వాళ్లందరినీ ఆ గేటు ముందు ఒక్కసారి నిలబెట్టాలని ఆయన కోరిక. నెలల తరబడి ఫోన్లు చేసి ధర్పల్లి నుంచి, నందిపేట్ నుంచి, చెరుకు మాని వరి వేసుకుంటున్న పల్లెల నుంచి రప్పించాడు.

వాళ్లను నెలవంకలా నిలబెట్టి, ఎదురుగా స్టాండు మీద కెమెరా పెట్టాను. ఎడమ చివర నుంచి కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కో ముక్క తీయాలి. అది పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు. కానీ ఏళ్ల తర్వాత కలిసినవాళ్లు ఊరికే ఎలా ఉంటారు? ఒకరు పక్కవాడి భుజం చరుస్తారు, ఒకరు కళ్లు తుడుచుకుంటారు.

"అరే, జర సేపు కదలకుండ నిలబడుండ్రి రా!" అని వరుస మధ్య నుంచి పెద్దాయన అరుస్తూనే ఉన్నాడు. మబ్బు కమ్ముకొస్తోంది. చెమట చేతులతో గబగబా తీసేశాను.

మర్నాడు పొద్దున కంప్యూటర్‌లో ముక్కలన్నీ చక్కగా అతుక్కున్నాయి. గేటు వచ్చింది, చివరి మనిషి దాకా అందరూ వచ్చారు. పెద్దాయన మాత్రం లేడు. ఆయన ఉండాల్సిన చోట ఇద్దరి భుజాలు కలిసిపోయి ఉన్నాయి. రెండు ముక్కల మధ్య ఆయన కదిలాడు, కంప్యూటర్ ఆయన్ను తీసేసింది.

కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి తిరిగాను, చాయ్ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. గోడ అవతల ఆయన ఫోన్‌లో చెప్తున్నాడు: "వస్తది, వస్తది. సారు చేస్తుండు." ఎదురుపడతాడేమోనని గడప దాటలేదు. మళ్లీ అందరినీ పోగుచేయడం అయ్యే పని కాదు.

ముక్కలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఒక్కదాంట్లో ఆయన నిండుగా దొరికాడు. కానీ వరుసలోంచి ఒక అడుగు ముందుకొచ్చి, వీపు ఇటు తిప్పి, రెండు చేతులూ ఎత్తి, వరుసను కసురుతున్నాడు.

సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. జరిగింది చెప్పాను.

"అయితే నేను లేనా?" అన్నాడు.

"వీపు ఉంది. పెట్టమంటే పెడతాను. మొహం లేదు."

ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"గదే పెట్టు సారూ. ఫ్యాక్టరీ మూయొద్దని జులూస్ తీసినప్పుడల్లా ముంగట నేనే నడిచిన. ఎన్కనున్నోళ్లు సూసింది నా వీపే గద!"

వంటింట్లోంచి వచ్చిన ఆయన భార్య కూడా తొంగిచూసింది. "పెట్టుండ్రి. మొకం సూపిస్తే అండ్ల గూడ కోపమే ఉంటుండె," అంది. ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ ముక్కలోంచి ఆయన్ను తీసి వరుసలో కలిపాను. అచ్చు వేయించి బోధన్‌లో చాయ్ హోటల్ బల్లల మీద పరిస్తే, అది రెండు బల్లల పొడవు వచ్చింది. దగ్గర్లో ఉన్నవాళ్లు వచ్చి తమ తమ మొహాలు వెతుక్కున్నారు. వీపును మాత్రం వెతకకుండానే గుర్తుపట్టారు.

"గీడ గూడ మనల్ని తిడుతనే ఉండు," అన్నారెవరో. హోటలంతా గొల్లున నవ్వింది.

ఆయన కాళ్ల దగ్గర నీడ సగంలో తెగి ఉంది. అది నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. చాయ్ చేతిలో పట్టుకుని, ఎప్పుడు ఇంటికి పోయి సరిచేద్దామా అని అక్కడే అటూ ఇటూ తిరిగాను.