"అయిపోయింది"తో మొదలైన నవల

డెబ్బైల మధ్యలో తిరువూరుకు వారపత్రిక శుక్రవారం మధ్యాహ్నం బెజవాడ బస్సులో వచ్చేది. మా ఇంటికి వచ్చేది కాదు. గంపలగూడెం వైపు మాకున్న మాగాణి నాన్నగారి రోజుల్లోనే చేతులు మారింది. ఆయన పోయాక ఇంటికి పెద్దవాణ్ణి నేనే, ఇరవై రెండేళ్ళవాణ్ణి. కొనుక్కోలేనిది లేకుండా బతకడం నాకు కష్టమనిపించేది కాదు. దాని కోసం ఒకరి గుమ్మంలో నిలబడడం మాత్రం మా వంశంలో లేదు. ఈ మాట ఇంట్లో తరచు అనేవాణ్ణి. అమ్మ వినేది. పదహారేళ్ళ చెల్లెలు వింటున్నట్టు కనిపించేది.

ఒక ఆదివారం ఉదయం చెల్లెలి పుస్తకాల మధ్య నల్లగుడ్డ అట్ట వేసిన లావుపాటి బైండు కనిపించింది. తెరిచి చూస్తే సీరియల్ నవల. ఆడపిల్లల స్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మగారు రెండు వీధుల అవతల ఉండేవారు. వారపత్రిక ఆవిడ తెప్పించుకునేవారు. ఏడాదిగా మా చెల్లెలు శుక్రవారాలు పెరటి దారిన వెళ్ళి, వాళ్ళింట్లో కూర్చుని ఆ సీరియల్ చదువుతోంది. మొత్తం అయ్యాక ఆవిడే పత్రికల్లోంచి ఆ కాగితాలు విడదీసి, ఏ వారానికి ఆ వారం గుండుసూది గుచ్చి ఇచ్చారు. చెల్లెలు వాటిని బస్టాండు దగ్గర ఆఫీసు రిజిస్టర్లు కుట్టే సాయిబుగారి చేత బైండు చేయించుకుంది. ఇదంతా అడిగితేగాని చెప్పలేదు.

కథేమిటని అడిగాను.

"కాలేజీ అమ్మాయి, చనిపోయిన అబ్బాయి ప్రేమించుకుంటారు."

"తర్వాత చనిపోతాడా?"

"ముందే పోయాడు అన్నయ్యా. పోయాకే ప్రేమ."

నేను తీర్పు చెప్పాను. పుస్తకం చదివి చూస్తాను, పనికిమాలినదైతే టీచరమ్మగారికి తిరిగి వెళుతుంది, శుక్రవారాలు వాళ్ళింటికి పోవడం కూడా ఆ రోజుతో సరి. చెల్లెలి ముఖం పాలిపోయింది. దానికి ఆ ఇంటి శుక్రవారాలు తప్ప వేరే సరదా లేదని నాకు తెలుసు. "అది కాదు అన్నయ్యా, ఆ బైండు..." అని ఏదో చెప్పబోయింది. చెయ్యెత్తి ఆపేశాను.

వెక్కిరించడానికి సిద్ధపడి మొదలుపెట్టాను. మొదటి అధ్యాయంలో ఒక అమ్మాయి కొండమీది బంగళాలో నిలబడి, కంటికి కనిపించని ఒకడికి వీడ్కోలు చెబుతుంది. ఎవడో, ఎందుకో చెప్పలేదు. ఆ అధ్యాయం చివర "అయిపోయింది" అని ఉంది. కథ అయిపోయిందని చెప్పి కథ మొదలుపెట్టిన రచయితను నేనెక్కడా చూడలేదు. నిటారుగా కూర్చున్నాను. తరువాత దండ వేసిన ఫొటో. అతను పోయి పద్దెనిమిదేళ్ళయిందని అతని తల్లి ఆ అమ్మాయికి చెబుతుంది. ఆ తరువాత కథ వెనక్కి వెళ్ళి, అంతకుముందటి వాళ్ళిద్దరి కబుర్లు, అలకలు, వానలో నడకలు. పిల్ల మాటలు మామూలుగానైతే విసుగు పుట్టించేవే. కానీ అతను లేడని నాకు తెలుసు, నవ్వుతున్న ఆ పిల్లకు ఇంకా తెలియదు. ప్రతి నవ్వు దగ్గరా మనసు పట్టుకుపోయింది. ఆఖరి అధ్యాయంలో ఆమె బస్సెక్కుతుంది. ఒక కుర్రవాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. కండక్టరు ఒక్క టికెట్టే చింపి ముందుకు పోతాడు. మరిచిపోయాడనుకుని ఆమె నవ్వుకుంటుంది. కింద "సశేషం" అని ఉంది.

అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచిందట. వినలేదు.

బైండు మొదట్లో సాయిబుగారు చేర్చిన తెల్లకాగితం మీద నా అభిప్రాయం రాశాను. ముగింపును ముందు చెప్పిన ధైర్యాన్ని, మొదటి పరిచయాన్ని చివర ఉంచిన నేర్పును మెచ్చుకున్నాను. ప్రేమ అయిపోయిన చోట మొదలై సశేషంగా మిగులుతుందని ఈ రచయిత రెండు మాటల్లో చెప్పాడని రాసి, కింద పూర్తి సంతకం పెట్టాను. పుస్తకం ఇంట్లో ఉండవచ్చని చెల్లెలికి చెప్పాను. అది ఆ కాగితం చదివి, నా వైపు చూసి, మళ్ళీ చదివి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. సంతోషం ఎక్కువై మాట రాలేదనుకున్నాను.

ఒకరి వస్తువు ఇంట్లో ఉంచుకున్నాక వెళ్ళి చెప్పి రావడం మర్యాద. మరుసటి ఆదివారం టీచరమ్మగారు చర్చి నుంచి వచ్చే వేళకు చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. పుస్తకం అప్పటికే ఆవిడ బల్లమీద ఉంది. చూసిస్తానని మధ్యలో తెప్పించుకున్నారట. ఆవిడ కుర్చీ చూపించి, కాఫీ ఇచ్చి, చాలాసేపు వానల గురించి మాట్లాడారు. చివరికి బైండు తెరిచి, కాగితాల మూలల్లో ఉన్న నంబర్లు వేలితో చూపించారు.

"బాబుగారూ, ఇవి పత్రిక పేజీ నంబర్లండి, నవలవి కావు. సాయిబుగారు రిజిస్టర్లు కుట్టే మనిషి కదా, నంబరు చూసి వరస పెట్టారు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ ఓపికగా చెప్పారు. కొత్త సీరియల్‌ని పత్రిక వాళ్ళు మొదట వెనక పేజీల్లో వేశారు. పాఠకులు మెచ్చుకున్నకొద్దీ వారం వారం ముందుకు జరిపారు. ఆఖరి భాగం తొమ్మిదో పేజీలో వచ్చింది, మొదటిది అరవై ఒకటిలో. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు వెనక పెట్టి సాయిబుగారు తన పని శుభ్రంగా చేశారు. కథ తలకిందులైంది. బస్సులో పరిచయం అసలు మొదటి వారం. కొండమీద వీడ్కోలు చివరి వారం. అందుకే అక్కడ "అయిపోయింది".

చెవులు వేడెక్కాయి. నేను మెచ్చుకున్న ధైర్యం రచయితది కాదు. చెల్లెలు తలుపు పక్కన నిలబడి చీర కొంగు వేలికి చుడుతోంది. బైండు చూసిన రోజునే దానికి తెలుసు. చెప్పబోతే నేనే ఆపాను. నా అభిప్రాయం చదివాక చెప్పలేకపోయింది. చెబితే ఆ తీర్పు నిలవదేమోనని భయం. ఇప్పుడు అది నా ముఖం వైపే చూస్తోంది. వెనక్కి తీసుకుంటానన్న ఒక్క మాట నా నోట వస్తే పుస్తకం ఆ బల్లమీదే ఉండిపోతుంది, దాని శుక్రవారాలూ పోతాయి.

టీచరమ్మగారు మెల్లగా అన్నారు. "విప్పించి సరిగ్గా కుట్టిద్దామా? మీరు రాసిన కాగితం కావాలంటే తీసేయొచ్చు, ఎవరికీ తెలియదు."

మా ఇంట్లో సంతకం పెట్టిన కాగితం చింపిన వాళ్ళు లేరు. అయితే ఆ రోజు నన్ను ఆపింది అదొక్కటే కాదు.

"వద్దండి. నేను చదివిన పుస్తకం ఇదే. దీని గురించి రాసింది నిజమే."

ఆవిడ నవ్వలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో నాకు అందించారు.

తరువాత వెనక నుంచి ముందుకు, అసలు వరసలో కూడా చదివాను. ఆ వరసలో అది పదహారేళ్ళ వాళ్ళకు నచ్చే చక్కని దయ్యం కథ. కుర్రవాడు ఎవరో మూడో వారానికే ఊహించవచ్చు. ఆ పిల్ల ఏడుపు కొంచెం ఎక్కువ. అయినా బస్సులో ఒక్క టికెట్టు చింపిన చోటు ఏ వరసలో చదివినా బాగుంది, ఆ మెచ్చుకోలు రచయితకే చెందాలి. మిగతాది సాయిబుగారి నవల. రెండింటిలో నాకు ఈనాటికీ సాయిబుగారిదే ఎక్కువ ఇష్టం.

ఆవేళ ఇంటికి వస్తుంటే చెల్లెలు నాకు రెండడుగులు వెనక నడిచింది. మా వీధి మలుపు దగ్గర నన్ను కలుసుకుంది.

"కోపం వచ్చిందా అన్నయ్యా?"

"ఎవరి మీద?"

"సాయిబుగారి మీద."

"ఆయన లేకపోతే నేను ఆ పుస్తకం రెండో అధ్యాయం దాటేవాణ్ణి కాదు."

చెల్లెలు పకపకా నవ్వింది. అంత గట్టిగా వీధిలో నవ్వడం బాగుండదని అనబోయి మానుకున్నాను. కాస్త ఆగి, వచ్చే వారం కొత్త సీరియల్ మొదలవుతుందట, శుక్రవారం వెళ్ళనా అని అడిగింది.

"వెళ్ళు," అన్నాను. "పెరటి దారిన కాదు. వీధి గుమ్మంలోంచి వెళ్ళు."