ప్రెస్సు బెల్లం

డెబ్బైల్లో వరంగల్‌లోని ఒక క్రైస్తవ మిషన్ ప్రెస్సులో నేను కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, పేజీ కట్టడం నా పని. కీర్తనల పుస్తకాలు, పెళ్లి పత్రికలు, మేడారం జాతర కరపత్రాలు అన్నీ ఈ చేతుల మీదుగానే వెళ్లాయి. సాయంత్రానికి వేళ్లు నల్లబడేవి. దాన్ని మేం మురికి అనుకోలేదు, పనితనం అనుకున్నాం. మా తెలివి అలాంటిది.

సీసం మంచిది కాదని ప్రెస్సుకు తెలియక కాదు. అందుకే రోజూ నాలుగింటికి మేనేజరు ఒక్కొక్కరికి నిమ్మకాయంత బెల్లం ముక్క పంచేవాడు. "తినుర్రి. సీసం కడుపుల నిలువదు, కడుక్కపోతది," అనేవాడు. కిటికీలు తెరవమంటే మాత్రం కాగితాలు ఎగురుతాయనేవాడు. బెల్లంతో పోయేదానికి కిటికీలెందుకని మేమూ ఊరుకున్నాం.

ఆ బెల్లం నేను ఒక్కరోజూ తినలేదు. ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ ఉండగా తండ్రన్నవాడికి తీపి గొంతు దిగుతుందా? చిత్తు ప్రూఫు కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. కరిగించడానికి పక్కన పెట్టిన విరిగిన అక్షరాలూ ఆ జేబులోనే ఉండేవి. బిడ్డ గడప మీద కూర్చుని ఎదురుచూసేది. పొట్లం విప్పి, కాగితానికి అంటుకున్నది కూడా నాకేది. బెల్లమంటే పైన నల్లగానే ఉంటుందని దాని నమ్మకం. ఒకసారి పక్కింటావిడ పచ్చటి బెల్లం పెడితే, "ఇది బెల్లం కాదు," అని వెనక్కిచ్చేసింది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

బడికి వెళ్లాక దానికి ఎక్కాలు రాలేదు. పొద్దున నేర్చింది మాపటికి మరిచిపోయేది. కడుపునొప్పంటే బడి ఎగ్గొట్టే సాకు అనుకున్నాను. నాది ముక్కోపం. మొద్దు అని తిట్టాను, చెవి మెలిపెట్టాను, ఒకసారి స్కేలు విరిగింది. "ఊకో అయ్యా, చిన్నపిల్ల," అని నా భార్య అడ్డం వచ్చేది. నేను ఊరుకోలేదు.

బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చిన సంవత్సరం ప్రెస్సుకు ఒక ఆరోగ్య కరపత్రం వచ్చింది. 'తినేముందు చేతులు కడుక్కోండి' అన్న పెద్దక్షరాల శీర్షికను ఆ నల్లటి వేళ్లతో నేనే పేర్చాను. దాన్ని రాసిన కుర్ర డాక్టరు ప్రూఫు చూసుకోవడానికి స్వయంగా వచ్చాడు. అప్పుడే నాలుగైంది, బెల్లం వచ్చింది. నేను జేబులో వేసుకోవడం చూసి ఎవరికని అడిగాడు.

"మా బిడ్డకు సార్."

ఆయన నా చేతులు చూశాడు, జేబు చూశాడు. "బెల్లంతోటి సీసం పోదన్నా. నువ్వు రోజూ ఇంటికి సీసమే తీస్కపోతున్నవు. పిల్లలకు అది కడుపుల బాధ పెడ్తది, తలకాయ మీద గూడ పనిచేస్తది," అన్నాడు.

బిడ్డ ఎక్కాల సంగతి, కడుపునొప్పి సంగతి చెప్పాను. సీసం వల్ల కాదంటాడని ఆశగా నిలబడ్డాను.

"కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు చెప్పలేం," అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద నేను ఒక్కటే అడిగాను, అది సీసం వల్ల కాకూడదని. ఇంటికి వచ్చాక బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి సీసం సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అది ఏడవలేదు.

"అంటే బాపూ, నాకు ఎక్కాలు రానిది నేను మొద్దునని కాదా?"

నేను దేన్ని కావద్దని మొక్కుకున్నానో, అదే అయితే బాగుండునని నా బిడ్డ నా ముఖంలోకి చూస్తోంది. డాక్టరు 'కాకపోవచ్చు' అని కూడా అన్నాడని నేను దానికి చెప్పలేదు.

"కాదు బిడ్డా. నువ్వు మొద్దువు కాదు. నేనే చేసిన," అన్నాను.

అది నవ్వింది. లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, నేను మొద్దును కాదంట," అని చెబుతోంది.