చల్లారకముందే తెరిచిన బీరువా

రాయపూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని ఒక పెద్దాయన పలకరించాడు. నిప్పును తట్టుకునే బీరువాలను పరీక్షించే చోట పనిచేసి రిటైరయ్యాడట.

"బీరువాని కొలిమిలో పెట్టి కాలుస్తాం బాబూ. కాగితాలైతే కాస్త వేడి ఓర్చుకుంటాయి. కంప్యూటర్ టేపులు ఓర్చుకోవు, యాభై డిగ్రీలు దాటితే ఖరాబే."

"మంట ఆర్పగానే తెరిచి చూస్తారా?" అన్నాను.

"అమ్మో, స్టవ్ ఆపినా పెనం మీద దోసె మాడదూ? అప్పుడే తలుపు తీస్తే సెగంతా టేపుల మీదికే. మూసే ఉంచి, పూర్తిగా చల్లారాకే తీస్తాం."

"ఎవరైనా ముందే తీస్తే?"

"తప్పు బీరువాది కాదు గదా. తీసినోడిదే."

నేను లేచి బయటికి వచ్చేశాను.

భన్‌పురిలో మా ఫ్యాక్టరీ ఆఫీసు కాలిన రోజు, ఇంకా సెగలు కక్కుతున్న బీరువాను తెరిచింది నేనే. దాన్ని కొన్న రికార్డు గుమాస్తా అప్పారావు "రేపటిదాకా ఆగుదాం సార్" అని చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. లోపలున్న కంప్యూటర్ టేపులన్నీ పాడయ్యాయి. అప్పారావు నాసిరకం బీరువా కొన్నాడని రిపోర్టు రాశాను. అతను ఆగమన్న సంగతి రాయలేదు. అతని ఉద్యోగం పోయింది.

పెద్దాయన మాటలు విన్నాక కూడా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకు అప్పారావు చనిపోయాక, దేవేంద్ర నగర్‌లో వాళ్లింటికి పరామర్శకు వెళ్లాను.

"ఆయన ఆ బీరువా సరిగ్గా చూసి కొనుంటే బాగుండేది అన్నయ్యా," అంది అతని భార్య.

నేను తలూపాను.