తాడు కొసన ఎవరున్నారు

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఎండాకాలంలో, ఒక సూపర్ హీరో సినిమా ఔట్‌డోర్ షెడ్యూల్‌కు నన్ను రోప్ సూపర్‌వైజర్‌గా సిరిసిల్లకు పంపారు. నేను పుట్టింది జగిత్యాలలో, బతికింది హైదరాబాద్ స్టూడియోల్లో. పనిమీద సొంత ప్రాంతానికి రావడం అదే మొదటిసారి. అప్పటికే రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డాను. మోకాళ్లు మొరాయిస్తున్నా నోరు మాత్రం బాగానే పనిచేసేది.

రోప్ సూపర్‌వైజర్ హోదాలో ఫైట్ మాస్టర్ కింద ఉంటాడు. ఎలా కొట్టాలో, ఎలా పడాలో ఫైట్ మాస్టర్ చెబుతాడు. మనిషి కాళ్లు నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ నేలను తాకేదాకా బాధ్యత మాత్రం నాది. ఆ కాసేపు డైరెక్టర్ అరుపులు కూడా నా విజిల్ తర్వాతే. నా కింద తాడు లాగే జట్టు ఉండేది. దానికి పెద్ద యాదగిరి, ఏళ్ల తరబడి నాతో పనిచేసిన కొడిమ్యాల మనిషి.

సినిమాల్లో మనిషి ఎగరడమంటే అంతా కంప్యూటర్ పని అనుకుంటారు చాలామంది. కంప్యూటర్ తీగలను చెరిపేస్తుంది, ఆకాశాన్ని పెడుతుంది. శరీరంలో బరువు లేదన్న భ్రమ మాత్రం మనిషే తేవాలి. నడుము బెల్టుకు రెండు పక్కలా రెండు సన్నని ఉక్కు తీగలు తగిలిస్తాం. అవి క్రేన్ మీది గిలకల మీదుగా వచ్చి ఒక లావు తాడుతో కలుస్తాయి. ఆ తాడును జట్టు పట్టుకుని వెనక్కి పరుగెత్తితే పైన మనిషి లేస్తాడు. వీపుకు ఒకటే తీగ కడితే బొమ్మలా వేలాడతాడు. రెండు పక్కలా కడితే తిరగగలడు, వంగగలడు. అయితే కడుపు బిగించి, కాళ్లు వెనక్కి చాపి, పోయే దిక్కుకు ముందు చూపు తిప్పి తర్వాత ఒంటిని తిప్పాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ప్రేక్షకుడికి తీగ కనబడకపోయినా తీగ ఉందని తెలిసిపోతుంది.

ఆ సినిమాలో హీరో మరమగ్గాల షెడ్ల నడుమ వీధిలోంచి లేచి, రేకుల కప్పుల మీదుగా తేలి వెళ్లాలి. హీరోకు మామూలుగా డూపు చేసే కుర్రాడు అంతకుముందే భుజం బెణికి ఇంట్లో ఉన్నాడు. అతని స్థానంలో శ్రీశైలాన్ని తీసుకున్నాం. శ్రీశైలానిది బుగ్గారం. గీత కార్మికుల కుటుంబం, తనూ కొన్నేళ్లు తాటిచెట్లెక్కాడు. తండ్రి తాటిచెట్టు మీంచి జారిపడి చనిపోయాక ఆ పని మానేసి, తల్లి లచ్చవ్వను తీసుకుని కోరుట్లకు మారాడు. మా ఫైటర్ల జట్టులో చేరి కొన్ని నెలలైంది. పడటంలో, దూకడంలో వాడికి సాటి లేరు. ఎత్తంటే భయం లేదు కదా, ఎగరడం వీడికి నల్లేరు మీద నడకే అనుకున్నాను.

ముందు పద్ధతి ప్రకారం ఇసుక బస్తాను ఎగరేసి చూశాం. బస్తా చక్కగా ఎగిరింది. తర్వాత శ్రీశైలాన్ని ఎగరేశాం. బస్తాయే నయమనిపించింది.

నేల వదలగానే వాడి మోకాళ్లు ముడుచుకున్నాయి. మడమలు ముందుకొచ్చి దేనికో ఆనుకోవాలని వెతికాయి. చేతులు చాపమంటే చాపుతాడు, అంతలోనే అవి నడుము దగ్గరికి వచ్చి తీగను పట్టుకుంటాయి. రెండు మూడు సార్లు చూశాక నాకు అర్థమైంది. తాటిచెట్టు మీద గీత కార్మికుడు నడుము చుట్టూ మోకు వేసుకుని, వెనక్కి వాలి, పాదాలను మానుకు తన్నిపెట్టి నిలుస్తాడు. వీడు గాలిలో కూడా అదే చేస్తున్నాడు.

"ఏంరా, చెట్టు కోసం దేవులాడుతున్నవా?" అన్నాను.

"కాళ్లు నా మాట ఇంటలేవు మాస్టర్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖం చిన్నబోయింది.

డైరెక్టర్ చిన్నవాడు, పని తెలిసినవాడు. మానిటర్ చూసి, ఎగురుతున్నట్టు లేదు, వేలాడుతున్నట్టుందని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మర్నాటికి కుదరకపోతే డూపు లేకుండా మొత్తం కంప్యూటర్‌లోనే చేయిస్తానన్నాడు. అతను చెప్పింది న్యాయమే. కానీ శ్రీశైలానికి అది ఒక్క షాట్ కాదు. మస్కట్‌లో ఉన్న మేనమామ వీసా పంపాడు. ఈ షాట్ బాగా వస్తే నా జట్టులో పర్మనెంటుగా తీసుకుంటానని నేను మాటిచ్చాను. రాకపోతే మస్కట్ పోతానని వాడు తల్లికి మాటిచ్చాడు.

ఆ సాయంత్రమే లచ్చవ్వ కోరుట్ల నుంచి బస్సులో దిగింది. చేతిసంచిలో కొడుకు పాస్‌పోర్టు ఉంది. వాణ్ణి వెంటబెట్టుకుని పోవడానికే వచ్చానని నాతో దాపరికం లేకుండా చెప్పింది. నేను కుర్చీ వేయించి, మా తీగలు ఎంత బరువు మోస్తాయో, ప్రతి కొక్కేన్ని ఇద్దరు వేర్వేరుగా ఎలా చూస్తారో ఓపికగా వివరించాను. అంతా విన్నది.

"మీ తాడు గట్టిదే కావచ్చు సారూ. మా ఇంటాయన మోకు గూడ గట్టిదే ఉండె. తాడు తెగలే, మనిషి జారిండు," అంది. తర్వాత అసలు ప్రశ్న వేసింది. "గా తాడు కొసకు ఎవరుంటరు?"

జట్టును చూపించాను. ఆమె నమ్మలేనట్టు చూసింది. తమ ఇంట్లో మోకును ఎక్కేవాడే కట్టుకుంటాడట, ఎక్కేవాడే విప్పుకుంటాడట, కన్నకొడుకు చేతికి కూడా ఇవ్వడట. "గిదేం పని సారూ? పాణం పైనుంటే మోకు పరాయోళ్ల చేతులుంటదా?"

కొడుకు కాళ్లు గాలిలో ఏం వెతుకుతున్నాయో నాకు తల్లి మాటతో తెలిసింది. నేను పొద్దంతా వాడి మోకాళ్లను తిట్టాను. వాడికి రానిది మోకాళ్లు చాపడం కాదు, తన బరువును ఇంకొకరి చేతుల్లో వదిలేయడం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎవరూ నేర్పని సంగతి అది. చేయకూడదని నేర్పిన సంగతి కూడా.

లచ్చవ్వ కుర్చీలోంచి లేచి జట్టు దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్కరి ముందు నిలబడి "పేరేంది బిడ్డా? ఊరేంది? పెండ్లయిందా?" అని అడిగింది. యాదగిరి నవ్వుతూ, పెళ్లిచూపులకు వచ్చినవా పెద్దమ్మా అన్నాడు. "కాదు బిడ్డా. రేపు నా కొడుకుకు ఏమన్నయితే ఎవలింటికి పోయి అడగాల్నో ఎరుకుండాలె గద," అంది. నవ్వు ఆగిపోయింది. ఆ క్షణం నుంచి ఆ మనుషులు తాడును పట్టుకున్న తీరే మారింది. నేను ఎన్ని మీటింగులు పెట్టి చెప్పినా రాని మార్పు అది.

మర్నాడు పొద్దున్నే రిహార్సల్‌కు శ్రీశైలం బెల్టు వేసుకోబోతుంటే వద్దన్నాను. ఆ బెల్టు నేను కట్టుకున్నాను. విజిల్ యాదగిరికి ఇచ్చి, శ్రీశైలాన్ని లాగేవాళ్ల వరుసలో అందరికంటే ముందు నిలబెట్టాను. "మాస్టర్, మీ మోకాళ్లు?" అన్నాడు వాడు కంగారుగా. "గాలిల మోకాళ్లతో పనేముందిరా, లాగు," అన్నాను.

మా భాషలో 'టెన్షన్' అని కేక వేస్తే తాడులో వదులు తీయమని అర్థం. యాదగిరి ఆ కేక వేయగానే బెల్టు నడుమును కరుచుకుంది. మరుక్షణం నేను పొట్టతో సహా లేచాను. యూనిట్ మొత్తం పగలబడి నవ్వింది. టీ ఇచ్చేవాడు కెటిల్ కింద పెట్టి మరీ నవ్వాడు. శ్రీశైలం మాత్రం నవ్వలేదు. వాడి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కళ్లు నా మీద నుంచి కదలడం లేదు. నేను కావాలనే చేతులు చాపి, కాళ్లు వదిలేశాను. పైన బెల్టు నడుమును కోసేస్తున్నా హాయిగా ఉన్నట్టు నటించాను. దింపినప్పుడు నా పాదం నేలకు తాకిందో లేదో తెలియనంత మెత్తగా దింపారు. వాడి అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"మస్తు బరువున్నరు మాస్టర్," అన్నాడు.

"మరి ఇడిచిపెట్టకపోయినవా?"

"ఎట్ల ఇడుస్త?" అన్నాడు. ఆ మాట వాడి నోట్లోంచి వచ్చాక కాసేపు జట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను బెల్టు విప్పి వాడి చేతికిచ్చాను.

షాట్‌ను మధ్యాహ్నానికి పెట్టుకున్నాం. భోజనాల వేళ షెడ్లలో సాంచాలు ఆపుతారు, లేకపోతే ఆ మగ్గాల చప్పుడులో విజిల్ వినిపించదు. లచ్చవ్వను కెమెరా వెనక, మానిటర్ దగ్గర కూర్చోబెట్టమన్నాను. టెన్షన్ అన్నాను. విజిల్ ఊదాను. జట్టు వెనక్కి పరుగు తీసింది.

నా ఉద్యోగంలో ఎందరినో ఎగరేశాను. అంత అందంగా ఎవరూ లేవలేదు. ముందు చూపు లేచింది, తర్వాత ఛాతీ, చివరికి కాళ్లు, నీళ్లలో చేప తోకలా వెనక్కి సాగిపోయాయి. చేతులు తీగ దగ్గరికి రానేలేదు. రేకుల కప్పు దాటాక యాదగిరి జట్టు తాడును ఒక్క ఊపిరి సేపు సడలించింది, శ్రీశైలం ఆ సడలింపును అందుకుని ఒళ్లు తిప్పాడు. ఆ క్షణం నిజంగా బరువు లేని మనిషిని చూశాను. కట్ చెప్పడం మరిచిపోయి డైరెక్టర్ లేచి చప్పట్లు కొట్టాడు.

లచ్చవ్వ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె తాడు లాగేవాళ్ల వెనక, ఎవరూ దాటి రాకూడదని నేను గీయించిన ముగ్గు గీతకు ఇవతల నిలబడి ఉంది. కొడుకు ఎంత బాగా ఎగిరాడో చూశావా అని అడిగాను.

"నేను పైకి చూడలే సారూ. ఈళ్ల చేతులే చూసిన," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, వాడికి ఏ పూట ఏం పెడతారని అడిగింది. తర్వాత నన్ను బస్సు వేళ కనుక్కోమంది. పాస్‌పోర్టు ఆమె సంచిలోనే తిరిగి కోరుట్లకు పోయింది, ఆమె వెంట కొడుకు పోలేదు. శ్రీశైలం ఆ తర్వాత నా జట్టులోనే పనిచేశాడు. నేను రిటైర్ అయిన రోజు విజిల్ యాదగిరికి ఇచ్చాను, బెల్టుల పెట్టె వాడికి ఇచ్చాను.

ఆ షెడ్యూల్ నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరినైనా తాడు మీదికి ఎక్కించే ముందు ఒక పూట తాడు లాగించాను. డూపులే కాదు, హీరోల చేత కూడా లాగించాను. అరచేతులు కమిలాయని ఒకరిద్దరు హీరోలు నొచ్చుకుని ప్రొడ్యూసర్‌కు ఫిర్యాదు చేశారు. వాళ్లు కూడా బాగానే ఎగిరారు.