అత్తయ్యగారి మంచం వీధి గదిలోకి వచ్చిన వేసవి

పోయిన వారం మా చిన్నబ్బాయి రాజమండ్రిలో కొత్తగా దిగిన ఫ్లాట్‌కి వెళ్ళాను. ఇంకా రంగుల వాసన పోని ఇల్లు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీ గుమ్మం దగ్గర కూర్చున్నానో లేదో, ఏసీ బిగించే అతను వచ్చి, గోడకు బయట ముందే పోసి ఉంచిన చిన్న సిమెంటు పలక మీద బయటి పెట్టెను, అదే అవుట్‌డోర్ యూనిట్ అంటారే, దాన్ని కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, నా కాఫీ చల్లారేలోగా పని ముగించుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడ పెట్టమంటారని ఒక్క మాటైనా అడగలేదు. అడగవలసిన పనీ లేదు, ఇల్లు కట్టినవాళ్ళే గదికొక పలక చొప్పున అమర్చి ఉంచారట. కోడలు తలుపు వేసి చల్లగా ఉందా అత్తయ్యా అని అడుగుతుంటే ఉందమ్మా అన్నాను గానీ, మనసు మాత్రం పదిహేనేళ్ళు వెనక్కి పోయి, అచ్చం ఇలాంటి పెట్టెకే చోటు దొరక్క మా ఇల్లు ఇల్లంతా తల్లడిల్లిన వేసవిలో నిలబడిపోయింది.

పల్లెల్లో కాపురాలు చేసిన నా ఈడు వాళ్ళకు మా ఇంటి వరస వేరే చెప్పనక్కర్లేదు. గుమ్మం పక్కన వీధి గది, నడుమ హాలు, దాని వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని దేవుడి గది, ఆ పక్కన సందు వైపు వెనక గది. వీధి గది మావయ్యగారిది. ఆయన పడక కుర్చీ, రేడియో, కిటికీ పక్కన మంచం, కాలువ నీళ్ళ వంతుల గురించి మాట్లాడడానికి వచ్చే రైతుల కోసం గోడ వారగా రెండు బల్లలు, అంతే అందులో సామాను. మేము ఆడవాళ్ళం పొద్దున్నే ఊడ్చి రావడానికి తప్ప ఆ గదిలో అడుగు పెట్టేవాళ్ళం కాదు, కాఫీ కూడా గుమ్మం ఇవతల నిలబడి అందించేవాళ్ళమే. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి అత్తయ్యగారు ఆ గదిలో కూర్చోగా చూడలేదు. ఆవిడ లోకమంతా వంటింట్లోనూ, నూతి దగ్గరా, వెనక గదిలోనూ గడిచిపోయింది.

ఆ ఏడు వేసవి మొదట్లో నూతి గట్టు మీద నాచుకు కాలు జారి అత్తయ్యగారు పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేయించి, ఆ గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకుని ఇంటికి తెచ్చుకున్నాం. తీరా ఎండలు ముదిరేసరికి, కదలడానికి లేక వెల్లకిలా పడుకున్న మనిషికి చెమటతో నడుము కింద చర్మం ఒరిసిపోయి పుళ్ళు మొదలయ్యాయి. మన వైపు ఉక్క ఎలాంటిదో మీకు తెలుసు, గోదావరి గాలిలో ఉన్న తడంతా ఒంటి మీదే నిలుస్తుంది. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే గదంతా ఇంకా చెమ్మగా అయిందే తప్ప చల్లబడలేదు. చూడడానికి వచ్చిన డాక్టరుగారు మా వారిని పక్కకు పిలిచి, చెమట ఆగితేగాని ఈ పుళ్ళు మానవనీ, లోతుకు దిగితే ఆపరేషన్ చేసిన చోటికే ముప్పు వస్తుందనీ, ఆలస్యం చెయ్యకుండా ఏసీ పెట్టించమనీ చెప్పి వెళ్ళారు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. బడికి వెళ్ళాలంటే కాలువ దాటాలి, ఆడపిల్లను పడవ ఎక్కించడం ఇష్టం లేక మా నాన్నగారే సాయంత్రం దీపం పెట్టాక వసారాలో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆ చదువుతోనే రోజూ అత్తయ్యగారి మంచం పక్కన కూర్చుని స్తోత్రాలు చదివి వినిపించేదాన్ని. ఆవిడ నొప్పి ఓర్చుకుంటూ మధ్యమధ్య నా ఉచ్చారణ దిద్దేవారు. పుళ్ళు మొదలయ్యాక మాత్రం దిద్దడం మానేశారు. నాకు అన్నిటికన్నా అదే భయం వేసింది.

మర్నాడే మా వారు రాజమండ్రి వెళ్ళి మిషన్ కొని, ఆ మర్నాడు పొద్దున్నే బిగించే అతన్ని కూడా వెంటబెట్టుకుని వ్యానులో వచ్చారు. తీరా వచ్చాక ఇల్లంతా కలయజూసి, బయటి పెట్టె ఎక్కడ పెట్టాలన్న మాట అతను అడిగే వరకూ మాకెవ్వరికీ తట్టనే లేదు. వెనక గదికి మూడు వైపులా ఇంటి గోడలే, నాలుగో గోడ ఒక్కటే బయటికి. అది సందు. ఒకరు వెళ్తుంటే ఇంకొకరు ఒత్తిగిలి నిలబడవలసినంత ఇరుకు. సందుకు ఆ పక్కన, సరిగ్గా మా గోడకు ఎదురుగా, పక్కింటి వదిన పూతరేకులు తీసే వసారా.

పూతరేకులు తీయడం చూసినవాళ్ళకు ఆ పని ఎంత సున్నితమో తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట సన్నగా మండుతుండగా, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిస్తే, తీసేసరికి కాగితం కన్నా పలచగా రేకు మిగులుతుంది. కాస్త గాలి తగిలితే మంట ఒక పక్కకు పోతుంది, రేకు చిరుగుతుంది. అందుకే ఆవిడ ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేసుకోకుండా, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ కూర్చునేది. ఆ రేకుల మీదే ఇద్దరు ఆడపిల్లల చదువులు నడుస్తున్నాయి.

చోటు సంగతి తెలిసి మా చిన్న మావగారు, అంటే మావయ్యగారి తమ్ముడు, పరుగున వచ్చారు. ఆయనకు వాస్తు మీద పట్టు ఉందని ఊళ్ళో పేరు. పెట్టె బరువుగా ఉంది కనుక నైరుతిలో ఉండాలన్నారు. వేడి కక్కుతుందని ఎవరో అనగానే అయితే ఆగ్నేయం అన్నారు. అందులో ఫ్యాను తిరుగుతుందని తెలిసి వాయవ్యమని సవరించుకున్నారు. చివర్న నీళ్ళు కూడా కారతాయని విని ఈశాన్యం వైపు తిరిగి వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లోపలి నుంచి అత్తయ్యగారు నీరసంగానే, "దానికి కాళ్ళు పెట్టించండి మరిదిగారూ, పూటకో మూల తిరుగుతాది" అన్నారు. చాలా రోజుల తరవాత ఆవిడ నోట వేళాకోళం విని నాకు కళ్ళు చెమర్చాయి.

సందులో పెడితే ఏమవుతుందో చూద్దామని మా వారు ఒక స్టాండు ఫ్యాను పట్టుకెళ్ళి, పెట్టె రావలసిన చోట పెట్టి తిప్పారు. అవతల వదిన అప్పుడే తీసిన రేకు లేచి, లోపల సుడి తిరిగిన గాలితో పాటు వాళ్ళ కిటికీ ఊచల్లోంచి వచ్చి ఆయన చొక్కాకు అంటుకుపోయింది.

"కాస్త నెయ్యి రాసి పంచదార చల్లుకోండి అన్నయ్యగారూ, అలాగే మడిచేస్తాను" అంది వదిన.

అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది. నవ్వుతూనే చిరిగిన రేకులన్నీ పక్కకు తీసి, కుండ కింద మంట తగ్గించి, పర్లేదు వదినగారూ, పెద్దావిడ ప్రాణం కంటే రేకులెక్కువా, మీరు బిగించేసుకోండి, నేను మరోచోట కూర్చుంటానని నాతో చెప్పింది. మరోచోటంటూ వాళ్ళింట్లో లేదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ముందు వసారాలో వీధి గాలి, వెనక వైపు గేదెల పాక.

ఈ మాట విన్న అత్తయ్యగారు నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకున్నారు. "ఆ పిల్ల పొయ్యి ఆర్పేసి నాకు చల్లదనం ఏంటే అమ్మాయ్. తీసుకుపోయి కొట్లో తిరిగి ఇచ్చెయ్యమను" అన్నారు. ఆవిడ ఒక మాట అన్నాక మళ్ళీ మార్చడం నేను ఎరగను.

బిగించే అతను కూడా సందు పనికిరాదనే అన్నాడు. "ఎదర గోడ ఇంత దగ్గరుంటే వేడంతా దానికి కొట్టి మళ్ళీ దీని మీదకే వచ్చేస్తాదండి. మిషన్ ఊరికే ఆగిపోద్ది" అన్నాడు. పైన పెడదామంటే వెనక వైపంతా పెంకుటి కప్పు. పెరట్లోకి గొట్టం లాగుదామంటే దేవుడి గది గోడకు కన్నం పెట్టి వంటింటి మీదుగా తీసుకుపోవాలి. అతను పొద్దున్న వస్తూనే వీధి గది తూర్పు గోడ చూపించి, ముందంతా ఖాళీ జాగా, సపోటా చెట్టు నీడ, నిలబడి పని చేసుకోవడానికి వీలు, ఇంతకన్నా ఏం కావాలండీ అని అడిగాడు. ఇంటి సంగతులు తెలియని మనిషి కనుక అడగగలిగాడు. మేమందరం ఆ మాట విననట్టే సందు వైపు నడిచాం. ఆ గోడే సరైనదని అందరికీ తెలుసు. దానికి అత్తయ్యగారి మంచం వీధి గదిలోకి రావాలి, మావయ్యగారు అక్కణ్ణించి కదలాలి. ఆ మాట నోటితో ఎవరు అంటారు? మా వారు అనలేదు, నేను అనలేదు. మావయ్యగారు పొద్దుటి నుంచీ అదే గదిలో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, జరుగుతున్నదంతా వింటూనే ఉన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇక మిషన్ తిరిగి వ్యాను ఎక్కించడమే మిగిలిందని తేల్చుకుని, నేనూ పనావిడా అత్తయ్యగారిని ఒత్తిగిలించి గుడ్డ మారుస్తున్నాం. పుండుకు అంటుకుపోయిన గుడ్డ తీసేటప్పుడు ఆవిడ పళ్ళ బిగువున చిన్నగా మూలిగారు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో మావయ్యగారు నిలబడి ఉన్నారు. పగటి పూట ఆయన ఆ గది దాకా రావడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ వీపు ఒక్క క్షణం చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. నేను చేతులు కడుక్కుని చోటు దొరికితే అభిషేకం చేయిస్తానని ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కుకుంటూ హాల్లోకి వచ్చేసరికి, ఆయన తన పక్క తనే చుట్టి, పడక కుర్చీని తనే ఎత్తుకుని అరుగు మీదకు తీసుకెళ్తున్నారు. మా వారు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురండి" అన్నారు.

మంచంతో సహా ఎత్తి నలుగురు మగవాళ్ళు మెల్లగా నడుస్తుంటే, అత్తయ్యగారు సిగ్గుతో చీర కొంగు భుజాల మీదకు లాక్కుంటూ, "వీధి గదిలో నేనేంటండీ, నలుగురూ వచ్చే చోటు" అని గొణుగుతూనే ఉన్నారు.

"వచ్చే నలుగురూ ఇక నిన్ను చూడ్డానికే వస్తార్లే" అన్నారు మావయ్యగారు, అరుగు మీద కుర్చీ వాల్చుకుంటూ.

సాయంత్రానికల్లా పెట్టె తూర్పు గోడకు ఎక్కింది. వేడి గాలి ఖాళీ జాగాలోకి పోయింది, కారే నీళ్ళు అరటి పాదులోకి పోయాయి. సందుకు అవతల వదిన మళ్ళీ కుండ కింద మంట రాజేసింది. గది చల్లబడి అత్తయ్యగారి నుదురు మొదటిసారి పొడిగా అయినప్పుడు, నా గుండె మీద నుంచి ఎవరో తిరగలి రాయి దింపినట్టయింది. వారం తిరిగేసరికి పుళ్ళు ఎండడం మొదలుపెట్టాయి. ఆ తరవాత ఒక రోజు స్తోత్రం చదువుతుంటే, మధ్యలో ఆపి, అక్కడ ఒత్తు పలకాలమ్మాయ్ అన్నారు. ఆ సంతోషంలో నేను తరవాతి పాదం మరిచిపోయాను.

చెప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. పొద్దు వాలాక కాసేపు ఏసీ ఆపించి, వీధి వైపు కిటికీ తెరిపించుకునేవారు అత్తయ్యగారు. అన్నేళ్ళూ గొంతులతోనే తెలిసిన ఊరిని ఆవిడ అప్పుడు కళ్ళతో చూశారు. మజ్జిగమ్మే ఆవిడ ఇంత పొడగరా అనీ, బడి వదిలాక పిల్లలు ఇటుగానే వెళ్తారా అనీ అడుగుతుంటే, అదే వీధిలో జీవితమంతా బతికిన మనిషి అడిగే మాటలేనా ఇవి అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు వచ్చి రైతుల బల్లల మీద కూర్చునేవారు. రైతులు అరుగు మీద కూర్చునేవారు. మావయ్యగారు బయటి నుంచి కిటికీ ఊచలు పట్టుకుని, లోపల నీకు హాయిగానే ఉంది, ఇక్కడ మేమే ఉడికిపోతున్నామని దెప్పేవారు. ఆవిడ, లోపలికి రావద్దని ఎవరన్నారు అనేవారు.

వానలు పడి, ఆవిడ చేతికర్ర ఊతంతో నడవగలిగాక, ఇక నా గదికి నేను వెళ్ళిపోతానని ఆవిడే అన్నారు. మావయ్యగారు పేపరు దించకుండానే, "ఏం, ఇక్కడేం బాలేదా" అన్నారు. అంతటితో ఆ ప్రస్తావన ముగిసింది. పడక కుర్చీ అరుగు మీద నుంచి వచ్చి మంచం పక్కన చేరింది. వాళ్ళిద్దరూ పగటి వేళ ఒకే గదిలో కూర్చుని, ఒకే రేడియో వింటూ, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ గడిపిన ఆ కొన్నేళ్ళూ నేను గుమ్మం ఇవతల ఆగకుండా లోపలికే వెళ్ళి కాఫీలు ఇచ్చాను. కార్తీకంలో పక్కింటి వదినా నేనూ ద్రాక్షారామం వెళ్ళి, స్వామికి అభిషేకం చేయించుకుని వచ్చాం.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా ఊరి ఇంట్లోనూ గదికొక ఏసీ ఉంది, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటే ఎవరి చల్లదనం వాళ్ళది. ఆ సుఖాన్ని నేను తక్కువ చేసి మాట్లాడలేను, చెమటకు ఒరిసిన వీపుకు గుడ్డలు మార్చిన చేతులివి. ఈ కాలపు వాళ్ళకు ఆ కష్టం లేనందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. కాకపోతే, ఒకరి కోసం ఇంకొకరు తన చోటు ఖాళీ చేసి ఇవ్వవలసిన అవసరం ఇళ్ళల్లో రాకుండా పోయింది. అప్పట్లో వెనక గది గోడకు ఒక సిమెంటు పలక ఉండి ఉంటే, అత్తయ్యగారు ఆ గదిలోనే చల్లగా కోలుకుని, తన వీధిని చూడకుండానే వెళ్ళిపోయేవారు. ఆ వేసవిలో చోటు దొరికినందుకు ఎప్పుడో మొక్కు తీర్చుకున్నాను. అంతసేపు దొరకనందుకు మాత్రం ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.