పటం వేలాడిన గోడ

ఆ బడిలో భూగోళం చెప్పే టీచరుకి పిల్లలు పెట్టుకున్న పేరు గ్లోబమ్మ. మనిషి గుండ్రంగా ఉంటుంది, ఒకచోట కుదురుగా నిలబడదు, అందుకని. ఆ పేరు తన చెవిన పడనట్టు నటించడం ఆమెకు సరదా. కొండల పాఠం చెబుతూ తానే ఎక్కుతున్నట్టు ఆయాసపడేది. ఎడారి పాఠం అయ్యేసరికి సగం క్లాసు మంచినీళ్లకి పరుగెత్తేది.

అలాంటి గ్లోబమ్మకి ఆ ఏడు ఒక గండం వచ్చిపడింది. శుక్రవారం చివరి పీరియడులో పిల్లల్ని వీధుల్లో నడిపిస్తూ పాఠం చెప్పడమంటే ఆమెకు ప్రాణం. ఆ పీరియడుని లెక్కలకి ఇచ్చేద్దామని హెడ్మాస్టారు అనుకున్నారు. షికారు తప్ప అందులో చదువేముందని ఆయన అనుమానం. ఆమె వాదించింది, బతిమాలింది, చివరికి పందెం కాసింది. ఊరి పటం చేతికిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు ఎన్నడూ చూడని ఇంటికి వాళ్లంతట వాళ్లే వెళ్లి, బడి గంట కొట్టేలోగా తిరిగొస్తారు. రాకపోతే పీరియడు లెక్కలదే.

ఆ ఇల్లు ఆమె పిన్నిది. బడికి తూర్పున నాలుగు సందుల అవతల ఉంటుంది. అందరికీ నిమ్మరసం కలిపి ఉంచమని ముందే చెప్పిపెట్టింది.

శుక్రవారం గేటు దగ్గర, అందరూ వాగుడుకాయ అని పిలిచే అమ్మాయి చేతికి పటమిచ్చి, ఇక తాను నోరు మెదపనని ఒట్టేసి, టీచరు వెనక నిలబడింది. వాగుడుకాయ పటం చూసింది, బడి వైపు తిరిగి ఏదో ఆలోచించింది, చేయి చాపింది. "తూర్పు ఇటే, పదండి." తరగతి మొత్తం, ఒక్కరైనా తటపటాయించకుండా, తిన్నగా పడమటికి బయలుదేరింది.

టీచరు నోరు తెరవబోయింది. అయినా ఒట్టు ఒట్టేనని పెదాలు బిగబట్టుకుని నడిచింది.

పటంలో పోస్టాఫీసు ఉన్నచోట దర్జీ కొట్టు ఎదురైంది. పోస్టాఫీసు ఎత్తేసి ఉంటారని పిల్లలు తీర్మానించారు. పార్కు ఉండాల్సిన చోట కట్టెల అడితి వచ్చింది. పార్కులో చెట్లు కొట్టేసి ఇక్కడే పేర్చారని ఒకడు తేల్చాడు. చివరికి దారి ఒక ప్రహరీగోడ దగ్గర ఆగిపోయింది. సాయంత్రపు ఎండ అందరి ముఖాన కొడుతోంది.

ఆమె ఇక ఆగలేకపోయింది. "ఈ వేళప్పుడు సూర్యుడు ఎటుండాలి?"

"పడమర టీచర్."

"మరి మనం ఎటు నడుస్తున్నాం?"

"తూర్పుకి."

అందరూ కళ్లు చికిలించి ఎండ వైపు చూశారు. "సూర్యుడే దారి తప్పాడేమో టీచర్," అంది వాగుడుకాయ, తన మాట మీద తనకే నమ్మకం లేకుండా.

తూర్పు అటని ఎవరు చెప్పారని టీచరు అడిగింది.

"మీరే కదా. పటానికి ఎదురుగా నిలబడితే పైన ఉత్తరం, కుడిచేతి వైపు తూర్పు అన్నారు. మన క్లాసులో పటం నల్లబల్ల పక్కనే కదా ఉంది?"

నల్లబల్ల ఉన్నది దక్షిణపు గోడకి, దానికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు పడమర. ఉద్యోగంలో చేరిన రోజున అక్కడ మేకు కనబడిందని ఆమే పటం తగిలించింది. వీధుల్లో దిక్కులు ఆమెకు కొట్టినపిండి. గదిలోకి వస్తే మాత్రం పటంలో దిక్కులు తప్ప గోడ దిక్కు చూసిన పాపాన పోలేదు. పరీక్షల్లో ఎవరూ తప్పు రాయలేదు గనుక ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు. ఎన్ని బ్యాచుల పిల్లలు తన పేరు చెప్పుకుని ఎన్ని ఊళ్లలో వెనక్కి నడుస్తున్నారో తలుచుకుంటే ఆమెకు కన్నీళ్లొచ్చేంత నవ్వొచ్చింది.

"తప్పు మీది కాదర్రా, నా మేకుది," అంది. అందరూ ఎండకి వీపు పెట్టి మళ్లీ బయలుదేరారు. ఈసారి పోస్టాఫీసు దాని చోట అది ఉంది, పార్కు కూడా.

"భూగోళం టీచరువి, పిన్ని ఇల్లు మర్చిపోయావటే?" అంటూ పిన్ని గ్లాసులు అందించింది.

తిరిగొచ్చేసరికి గంట ఎప్పుడో కొట్టేశారు. గేటు దగ్గర హెడ్మాస్టారు నిలబడి ఉన్నారు. టీచరు ఏదీ దాచకుండా గోడ సంగతంతా చెప్పి, పందెం ఓడిపోయానని ఒప్పుకుంది. ఆయన ఏదో అనబోతుంటే వాగుడుకాయ ఊరుకోలేక, "సార్, ఉత్తరం ఎటండీ?" అని అడిగింది.

ఆయన ధీమాగా దక్షిణం వైపు వేలు చూపించారు. ఆయన గదిలో పటం కూడా ఆ వైపు గోడకే ఉంది.

పిల్లలు పెదాలు కొరుక్కున్నారు. టీచరు నేల చూపులు చూసింది. హెడ్మాస్టారు ఓసారి సూర్యుణ్ణి చూసి, చేయి మెల్లగా దించేసుకున్నారు.

"పీరియడు మీరే ఉంచుకోండి," అన్నారు. "సోమవారం నా గదికి కూడా ఒక మేకు పట్రండి."

పటం ఉత్తరపు గోడకి, అంటే బెంచీల వెనక్కి చేరింది. నల్లబల్ల కదలదు గనుక భూగోళం పీరియడులో పిల్లలే వెనక్కి తిరిగి కూర్చునేవారు. దాంతో ఇంతకాలం ఆఖరి బెంచీలో నిశ్చింతగా కునుకు తీసినవాళ్లు గ్లోబమ్మ ముక్కు కింద మొదటి బెంచీవాళ్లయిపోయారు.

"భూమి తిరుగుతుందంటే ఏమో అనుకున్నాం టీచర్," అన్నాడు వాళ్లలో అందరికన్నా పొడుగువాడు, "ఇలా మా మీదకే తిరుగుతుందనుకోలేదు."